అట్టమీద ముఖము లేని గాయకుడు

1961వ సంవత్సరమున న్యూయార్కునందలి కొలంబియా రికార్డుల సంస్థవారు "కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్" అను పేర నొక లాంగ్ ప్లే రికార్డును వెలువరించిరి. అందు కూర్పబడినవి 16 పాటలు. పాడినవాడును, గిటారు వాయించినవాడును రాబర్టు జాన్సన్ అను నల్లజాతి గాయకు డొక్కడే. ఆతడు మిసిసిపి రాష్ట్రమున గ్రీన్‌వుడ్ పట్టణ సమీపమున తన 27వ యేట మరణించి అప్పటికి 23 సంవత్సరములు గడచినవి. గాయకులకు రాజని ఆతనికి బిరుదము కట్టబెట్టిన యా సంస్థకు, అట్టమీద అచ్చువేయుటకు ఆ రాజుగారి ఛాయాచిత్ర మొక్కటియు చిక్కలేదు. కావున చిత్రకారుడు, కుర్చీలో కూర్చుండి గిటారుపైకి వంగిన మనుష్యు నొకనిని ఇంటికప్పునుండి క్రిందికి చూచినట్లు, నడినెత్తియు, భుజములును, నేలపై బడిన నీడయు మాత్రమే కానవచ్చునట్లు చిత్రించి యిచ్చెను. ముఖము లేని యా బొమ్మ గల అట్టలోని పాటలను విని, ఆంగ్లదేశమున నూనూగు మీసముల పిల్లలు కొందఱు గిటారు వాయించుట క్రొత్తగా నేర్చిరి. పదియేండ్లు గడువకమున్నే రాక్ సంగీతమునకు వారే పెద్దలైరి. ఒక కళాకారుని, సంపాదకు డొకడు ఏరి కూర్చిన సంపుటముద్వారా మాత్రమే లోక మెఱుగునపుడు ఆతనికి కలుగు లాభమెంత, నష్టమెంత యను ప్రశ్నకు సంగీతచరిత్రమున ఇంతకు మించిన యుదాహరణము నాకు కానరాదు.

డెల్టా యనగానే తెలుగువారికి కృష్ణాగోదావరులు సముద్రమున గలియుచోటి పచ్చని మాగాణి స్ఫురించును. మిసిసిపి డెల్టా యనబడు ప్రదేశము నదీముఖమున లేదు. సముద్రమునకు బహుదూరమున, మిసిసిపి, యాజూ నదుల నడుమ వరదలు పరచిన ఒండ్రుమట్టితో నేర్పడిన చదునైన మైదానమది. అందు పండునది ప్రత్తి. ఆ ప్రత్తిని పండించిన నల్లజాతి కుటుంబములవారు భూస్వామి యిచ్చిన గుడిసెలలో నుండి, భూస్వామి దుకాణముననే అరువు తెచ్చుకొని బ్రతికెడివారు. పంట యమ్మి లెక్క చూచుకొనగా వారికి తఱచుగా మిగిలెడిది అప్పే. శనివారపు రాత్రులు వారు కూడి త్రాగి యాడు పాకలలోను, పగటివేళ వీథిమూలలందును, దుకాణముల ముంగిళ్ళయందును వినవచ్చిన పాట బ్లూస్. దాని కట్టడి చూచుటకు స్వల్పము. మొదటి పాదమును పాడి, దానినే మరల పాడి, మూడవ పాదమున దానికి సమాధానము చెప్పవలెను. పాదాంతమున గాయకుడు ఊపిరి పీల్చుకొనునంతసేపు గిటారు మాటాడవలెను. ఇంత చిన్న చట్రములో దుఃఖమును, పరిహాసమును, కామమును, పరలోకభీతిని ఇముడ్చుటయందే గాయకుని సామర్థ్యము తెలియును.

జాన్సన్ పుట్టినది డెల్టాలో కాదు. దానికి దక్షిణమున నున్న హేజిల్‌హర్‌స్ట్ అను చిన్నయూర, 1911వ సంవత్సరము మే నెలలో నని పెక్కురు విశ్వసింతురు. తల్లియొక్క భర్త, తెల్లజాతి భూస్వాములతో తగవు వచ్చి, ప్రాణభీతితో ఊరు విడిచి మెంఫిస్ చేరి వేఱుపేర బ్రతుకుచుండగా, ఆమెకు మఱొకనివలన కలిగిన బిడ్డ యితడు. బాల్యము కొంత మెంఫిస్ నగరమునను, కొంత డెల్టాయందలి రాబిన్సన్‌విల్ ప్రాంతపు ప్రత్తిచేల నడుమను గడచెను. 1929లో పెండ్లియాడెను; మఱుసటియేడే ఆ చిన్నది ప్రసవసమయమున మరణించెను. ఆ కాలముననే సన్ హౌస్, విల్లీ బ్రౌన్ అను ప్రసిద్ధ గాయకులిద్దఱు ఆ ప్రాంతమున వాయించుచుండిరి. వారు విశ్రమించునపుడు ఈ కుఱ్ఱవాడు వారి గిటారు నందుకొని కఠోరధ్వనులు పుట్టించెడివాడనియు, వినువారు విసిగి దానిని ఆతనిచేతినుండి లాగుకొనుమని పోరెడివారనియు, ఆతడు కొంతకాలము కనబడకపోయి తిరిగి వచ్చి వాయించినపుడు తాము నోరు తెఱచి చూచుచుండిపోతిమనియు సన్ హౌస్ వృద్ధాప్యమున చెప్పెను.

ఆ నడిమికాలమున నేమి జరిగెను? జనులు చెప్పుకొను కథ లోకప్రసిద్ధము: అర్ధరాత్రమున నాలుగు త్రోవల కూడలికి పోయి, సైతాను చేతికి గిటారు నిచ్చి, ఆతడు శ్రుతిచేసి మరల నియ్యగా, దానికి మూల్యముగా తన యాత్మను ధారపోసెనట. ఈ కథ టామీ జాన్సన్ అను వేఱొక గాయకుని గూర్చి ఆతని సోదరుడు చెప్పినది. ఇంటిపేరొకటే యగుటచేతనో, పాటలలో సైతాను ప్రసక్తి యుండుటచేతనో, మెల్లమెల్లగా రాబర్టు మెడకు చుట్టుకొనెను. నిజము ఇంతకన్న మనోజ్ఞమని నా యభిప్రాయము. ఆతడు పుట్టినయూరివైపునకు పోయి, ఐక్ జిమ్మర్మన్ అను గిటారు వాద్యకు నాశ్రయించి, ఆతని యింటనే యుండి విద్య నేర్చెను. రాత్రివేళల శ్మశానము నిశ్శబ్దముగా నుండునని గురుశిష్యులిద్దఱును అచ్చటికి పోయి గోరీలపై కూర్చుండి సాధన చేసెడివారని జిమ్మర్మన్ కుటుంబమువారు చెప్పిరి. గురుకులవాసము చేసినవానికి విద్య యబ్బుటకు సైతానుతో పని యేమున్నది?

అబ్బిన విద్య యెట్టిదనగా, బొటనవ్రేలితో మంద్రస్థాయి తీగలపై ఎడతెగని నడకను నడపుచు, తక్కిన వ్రేళ్ళతో పైతీగలపై పాటకు బదులు పలికించును. ఎడమచేతి వ్రేలికి తొడిగిన గొట్టమును తీగలపై జార్చి, మన గోటువాద్యమునందు వలెనే, స్వరమునుండి స్వరమునకు మెట్టు తెలియకుండ ప్రాకించును. పియానో వాద్యకులు ఎడమచేత వాయించు బూగీ నడకను గిటారునకు దింపి స్థిరపఱచినవారిలో ఆతడు ముఖ్యుడు. ఈ నడకయే తరువాతి కాలమున రాక్ సంగీతమునకు వెన్నెముక యయ్యెను. గొంతు సన్నము, అవసరమైనచోట కీచుగా పైకెగసి, అంతలో దిగి, పాటమధ్యమున నెవరితోనో రహస్యము చెప్పునట్లు మాటగా మాఱును.

జాక్సన్ నగరమున నల్లజాతివారు వచ్చిపోవు దుకాణమొకటి నడపుచు, గాయకులను పరీక్షించి రికార్డు సంస్థలకు తెలుపు హెచ్. సి. స్పియర్ అను వర్తకు డుండెడివాడు. జాన్సన్ ఆతనిని చూడబోయెను. ఆ మూలమున 1936 నవంబరులో టెక్సాస్ రాష్ట్రమందలి శాన్ ఆంటోనియో నగరమున గంటర్ హోటలు గదిలోను, 1937 జూనులో డల్లాస్ నగరమున నొక వ్యాపారభవనమునందును, రెండు విడతలుగా మొత్తము ఐదు దినములు ఆతడు మైక్రోఫోను ముందు కూర్చుండెను. ధ్వనిముద్రణము నడిపినవాడు డాన్ లా అను ఆంగ్లేయుడు. అది టేపు లేని కాలము. సూది పలకపై గాడి కోయుచుండగానే పాడవలెను, మూడు నిమిషములు కావచ్చుసరికి ముగింపవలెను, తప్పినచో మరల మొదటినుండి మొదలిడవలెను. పాడిన పాటలు 29. కొన్నిటిని రెండేసిమాఱులు పాడుటచే నేడు మిగిలిన ముద్రణములు 42. జాన్సన్ సంగీతమని లోకమునకు దక్కినది ఇంతమాత్రమే. తీరికగా నొక పూటలో వినవచ్చును. గోడవైపు తిరిగి కూర్చుండి పాడెనని డాన్ లా చెప్పిన మాటను కొందఱు బిడియమునకు గుర్తుగాను, కొందఱు గదిమూలనుండి ధ్వని గట్టిగా తిరిగివచ్చుటకై చేసిన యుపాయముగాను వ్యాఖ్యానించిరి. రెండవదియే నాకు నచ్చును. అప్పటి కాతడు ఊరూర వాయించి పొట్టపోసుకొనుచున్న వృత్తిగాయకుడు గదా! "టెర్రప్లేన్ బ్లూస్" అని ఒక మోటారుకారు పేర కట్టిన శృంగారగీతము మాత్రము ఒక మాదిరిగా అమ్ముడుపోయెను, తక్కినవి అంతంతమాత్రమే.

ఆనాటి రికార్డులు లక్కతో చేసినవి. లక్కపురుగులు మన మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై స్రవించిన జిగురును ఛోటానాగపూరు అడవులలోని జనులు గీకి పోగుచేయగా, అది కలకత్తా రేవునుండి ఓడలపై విదేశములకు పోయి, రాతిపొడితోను మసితోను కలిసి 78 చుట్ల రికార్డు అయ్యెడిది. మిసిసిపియందలి ప్రత్తికూలి కొనిన పాటలో మన యడవికూలి చెమటయు నించుక కలదన్నమాట. 1942లో యుద్ధమువలన లక్క కఱవుకాగా అమెరికా ప్రభుత్వము రికార్డులకు దాని వాడుకను తగ్గించివేసెను. క్రొత్తవి చేయుటకై ప్రాతవాటిని ఇంటింట పోగుచేసి మరల ముడిసరకుగా వాడిరి. అమ్మకము లేని బ్లూస్ పాటలు అట్లెన్ని నశించెనో!

జాన్సన్ అప్పటికే లేడు. 1938 ఆగస్టు 16వ తేదీన మరణించెను. అసూయాగ్రస్తుడైన భర్త యొకడు సారాయిలో విషము కలిపెనని యందురు. ఆ సంవత్సరముననే జాన్ హామండ్ అను న్యూయార్కు సంగీతరసికుడు, నల్లజాతి సంగీతమును కార్నెగీ హాలు వేదికపై నిలువబెట్టు సంకల్పముతో "ఫ్రం స్పిరిచువల్స్ టు స్వింగ్" అను గొప్పసభ నేర్పఱచుచు, జాన్సన్‌ను పిలిపింపబూని, ఆతడు చనిపోయెనని విని, బిగ్ బిల్ బ్రూంజీ యను గాయకు నాతనిస్థానమున రప్పించెను. అంతటితో తృప్తినొందక, డిసెంబరు 23వ తేదీన ఆ సభాస్థలియందు జాన్సన్ రికార్డులు రెంటిని గ్రామఫోనుపై పెట్టి సభ్యులకు వినిపించెను. గాయకుడు లేని వేదికపై గాయకుని పాట. ఆతనిపేర తరువాత జరిగినదంతయు నింతే గదా యని తోచును.

అయినను ఆతనిని లోకము మఱచెనను మాట పూర్తిగా సత్యము కాదు. మఱచినది యే లోకమో చెప్పవలెను. ఆతని సహచరి కుమారుడై, ఆతనియొద్దనే గిటారు నేర్చిన రాబర్ట్ లాక్‌వుడ్ ఆ పద్ధతిని జీవితాంతము వాయించెను. 1941లో జానపదగీతముల సేకరణకై డెల్టాకు వచ్చిన అలన్ లోమాక్స్ బృందమునకు ఒక ట్రాక్టరు తోలు యువకుడు పాడి వినిపించిన పాటలో జాన్సన్ బాణీ స్పష్టము. ఆ యువకుడే పిదప చికాగో నగరమున విద్యుద్గిటారుతో బ్లూస్‌ను ఉఱుమించిన మడ్డీ వాటర్స్. 1951లో ఎల్మోర్ జేమ్స్ "డస్ట్ మై బ్రూమ్" అను జాన్సన్ పాటను విద్యుద్గిటారుపై ముద్రింపగా అది నల్లజాతి పేటలన్నింట మ్రోగెను. వినినవారిలో పెక్కురు కర్త పేరెఱుగరు; పాట మాత్రము బ్రతికియుండెను. పేరు తెలిసి పాట తెలియనివారు వేఱొక తెగ: ప్రాత దుకాణములలోను, ఇంటింటి యటకలపైనను లక్క రికార్డులకై గాలించు తెల్లజాతి సేకర్తలు. వారిలో నొకడైన శామ్యూల్ చార్టర్స్ 1959లో "ది కంట్రీ బ్లూస్" అను గ్రంథమును వ్రాయుచు జాన్సన్‌కు నొక చిన్న ప్రకరణ మిచ్చెను. వ్రాయుటకు సామగ్రియే కొఱవడెను.

ఇంతలో రికార్డుల స్వరూపమే మాఱెను. 1948లో కొలంబియా సంస్థవారు ప్రవేశపెట్టిన లాంగ్ ప్లే రికార్డు వినైలుతో చేసినది. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పలుకును. విడివిడిగా అమ్మిన పాటలను ఒకచో చేర్చి, వరుస కూర్చి, అట్టవెనుక వ్యాసము వ్రాసి, ఒక పుస్తకమువలె చేతికిచ్చుట అప్పుడే సుకరమయ్యెను. సంకలనకర్తయను క్రొత్త యధికారియు నప్పుడే పుట్టెను. చేతులు మాఱి కొలంబియా స్వాధీనమునకు వచ్చిన జాన్సన్ ముద్రణములను, హామండ్ ప్రోత్సాహమున, ఫ్రాంక్ డ్రిగ్స్ అను యువసంపాదకుడు 1961లో వెలికిదీసెను. అందు కొన్ని అంతవఱకు బజారు ముఖము చూడనివి.

డ్రిగ్స్ కూర్చిన వరుసను గమనింపవలెను. మొదటి పాట "క్రాస్ రోడ్ బ్లూస్", నాలుగు త్రోవల కూడలిపాట. చివరి రెండు "మీ అండ్ ది డెవిల్ బ్లూస్", "హెల్‌హౌండ్ ఆన్ మై ట్రెయిల్": ఒకటి సైతానుతో నడచునది, రెండవది నరకపు వేటకుక్క వెంటబడునది. కూడలితో మొదలై నరకజాగిలముతో ముగియు నీ క్రమము ఉద్దేశించి చేసినదో, చెవికి ఇంపని చేసినదో గాని, అట్టమీది ముఖము లేని బొమ్మతో కలిసి వినువానికొక సంపూర్ణమైన కథను చెప్పివేసెను. సంపుటములో చేరని పాటలను చూడుడు. "దే ఆర్ రెడ్ హాట్" అను హాస్యపుపాట లేదు. వీథిలో తినుబండారము లమ్మువాని కేకవలె గంతులువేయు నా పాటను వినినవా డెవడును దాని కర్తను శాపగ్రస్తుడనుకొనడు. "స్వీట్ హోమ్ చికాగో" లేదు, "డస్ట్ మై బ్రూమ్" లేదు; నల్లజాతి గాయకులు ఆతనియొద్దనుండి తమ సొత్తుగా గ్రహించిన పాటలు ఈ రెండే యని చెప్పదగును. జాన్సన్‌తో కలిసి దేశదిమ్మరియై తిరిగిన జానీ షైన్స్, ఆతడు రేడియోలో నొకమాఱు వినిన పాటను మఱునాడు వీథిలో వాయింపగలిగెడివాడనియు, పోల్కాలు, బింగ్ క్రాస్బీ పాటలు మొదలుగా కోరినవారికి కోరినది వినిపించెడివాడనియు చెప్పెను. ఆ జాన్సన్‌ను రికార్డు సంస్థ ముద్రింపనే లేదు. ముద్రించినవానిలోనుండి సంపాదకుడు మఱల నేరెను. శ్రీనాథునిపేర వాడుకలోనున్న చాటువులను మాత్రమే చదివి ఆ మహాకవి చరిత్రమును వ్రాయబూనినవారికి కాశీఖండము వ్రాసిన శ్రీనాథుడు తప్పిపోయినట్లే, ఈ సంపుటమును వినినవారికి శనివారపు రాత్రి జనులను నవ్వించి యాడించిన జాన్సన్ తప్పిపోయెను.

కాని ఆ సంకుచితత్వమే దానికి బలమయ్యెనని యొప్పుకొనక తప్పదు. ఆంగ్లదేశమున నీ రికార్డు 1962లో ఫిలిప్స్ సంస్థవారి ముద్రతో వెలువడెను. బ్రయన్ జోన్స్ అను యువకుడు దీనిని తన మిత్రుడు కీత్ రిచర్డ్స్‌కు వినిపింపగా, బాగుగ నున్నది గాని రెండవ గిటారు వాయించువా డెవడని యాతడడిగెనట. ఒక్కడే యని తెలిసికొనుటకు కొంతకాలము పట్టెనని ఆతడే చెప్పుకొనెను. వారిద్దఱును రోలింగ్ స్టోన్స్ బృందమువారు. ఎరిక్ క్లాప్టన్‌కు మొదటవిన్నపు డీ సంగీతము భరింపరానంత తీవ్రముగా దోచెను, పిమ్మట విడువరానిదయ్యెను. 1966లో ఆతడు తొలిసారి ప్రధానగాయకుడుగా రికార్డునకు పాడినపాట యీ సంపుటములోని "రాంబ్లింగ్ ఆన్ మై మైండ్". 1968 మార్చి 10వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమందలి వింటర్‌లాండ్ శాలయందు క్రీమ్ బృందముతో నాతడు వాయించిన "క్రాస్‌రోడ్స్" నేటికిని గిటారు విద్యార్థులకు పాఠ్యగ్రంథము. అందు కూడలిపాటలోనికి "ట్రావెలింగ్ రివర్‌సైడ్ బ్లూస్" చరణమొకటి వచ్చి చేరినది. రెండును ఇదే రికార్డులోనివి. జాన్సన్ నడక నిదానమైనది, ఊపిరికి ఆగి తడబడునది. క్లాప్టన్ బృందము దానిని సమతాళముపై పరుగెత్తించెను. మూలము మీద ప్రేమతోనే మూలమును విడిచిరి. అది దోషమని నే ననను. హామండ్ ఈ సంపుటమును విడుదలకు ముందే బాబ్ డిలన్ అను క్రొత్తగాయకుని చేతబెట్టగా, ఆతడు పాటలను కాగితముపై వ్రాసికొని పాదముల కూర్పును పరిశీలించెనని స్వీయచరిత్రమున చెప్పెను. గిటారుపై గాక మాటకూర్పుపై చూపు నిలిపినవా డాతడు. 1965లో వెలువడిన డిలన్ రికార్డు అట్టపై, గదిలోని సామగ్రినడుమ ఈ ముఖము లేని బొమ్మయు కానవచ్చును.

సంపుటమున లేని పాటలకై ఆకలి పుట్టుటయు సహజమే. "లవ్ ఇన్ వెయిన్" అను పాట చాటుమాటుగా ముద్రించిన రికార్డులద్వారా రోలింగ్ స్టోన్స్ వారి చెవిని బడి 1969లో వారి పాటగా లోకమున కెక్కిన పిమ్మట, 1970లో కొలంబియావారు రెండవ సంపుటమును వెలువరించిరి. గాయకుని వెదకువారును బయలుదేరిరి. 1968లో గేల్ డీన్ వార్డ్‌లో అను పరిశోధకుడు మరణధ్రువపత్రమును కనుగొనెను. అందు కారణమని చెప్పవలసినచోట వైద్యుడు లేడని మాత్ర మున్నది. గోరీ యెచ్చట నన్న మూడు చోట్ల మూడు శిలాఫలకములు గలవు. 1986లో నొక ఛాయాచిత్రమును, కొలది యేండ్లకు మఱొకటియు వెలుగు చూచినవి. ఒకదానియందు నోట సిగరెట్టు. రెండవదానియందు చారల సూటు, టోపీ, ఒడిలో గిటారు, ముఖమున చిఱునవ్వు. 1994లో అమెరికా తపాలాశాఖవారు మొదటిదానిని 29 సెంట్ల బిళ్ళపై వేయుచు సిగరెట్టును తుడిచివేసిరి. సైతానుతో బేరమాడిన వాడనబడు మనుష్యునియందు వారి కభ్యంతరకరముగా తోచినది పొగాకొక్కటే!

1990లో, అప్పటికి దొరికిన 41 ముద్రణములతో సమగ్రసంపుటము వెలువడి పదిలక్షలకు మించి అమ్ముడుపోయి, గ్రామీ బహుమానమును పొందెను. ఆ ధనమునకు వారసుడెవడను వ్యాజ్యము నడచి, కంకరలారీ నడపుకొని బ్రతికిన వృద్ధు డొకడు జాన్సన్ కుమారుడని మిసిసిపి న్యాయస్థానములు తీర్మానించినవి. పరిశోధకునకు ఈ సమగ్రసంపుటము పెన్నిధి. కాని ఒక పాటయొక్క రెండు ముద్రణములను వెంటవెంటనే వినవలసివచ్చుట క్రొత్తవానికి విసుగు పుట్టించును. డ్రిగ్స్ చేసిన యేరికలోని బిగువు దానియం దుండదు. గిటారుపై మక్కువతో జాన్సన్‌ను మొదటిసారి వినగోరి నన్నడిగినవారికి నేను 1961నాటి సంపుటమునే చెప్పుదును. అయితే దానికి ముందు, రెండవ సంపుటములోని "దే ఆర్ రెడ్ హాట్" పాటను రెండుమాఱులు వినుడని చెప్పుదును; ఆ పాట నవ్వు చెవిలో నుండగా కూడలిపాట నాలకించినవారు అందు సైతానును వెదకరు, ప్రొద్దుగూకువేళ తనను బండి యెక్కించుకొనువారు లేక పరాయియూరి త్రోవలో నిలిచిపోయిన నల్లజాతి బాటసారిని విందురు.